వందకి ఇటువైపు

రెండో సీసా కూడా ఖాళీ చేసెయ్యమని అతను కళ్లతోనే బతిమాలుతుంటే ఆమెకి నవ్వాగలేదు. పెళ్లై నాలుగు నెలలు నిండని భార్యకి మొగుడు పక్కన కూర్చుని నీళ్లు తాగించి మరీ బరువు పెంచుతున్నాడంటే ఎవరైనా నమ్ముతారా, అదీ ఒళ్లు తగ్గించే ఆపరేషన్లు చేసే ఆసుపత్రిలో, ఇన్సూరెన్స్ కౌంటర్ ఎదురుగా, ఒకదానికొకటి అతికించిన మూడు ఇనుప కుర్చీల్లో. ఆమె మధ్య కుర్చీలో కూర్చుంది. కుర్చీ చేతులు రెండూ ఆమె నడుముని చెరో పక్కా నొక్కి పట్టుకున్నాయి. అతను ఎప్పటిలాగే తన కుర్చీ అంచున కూర్చున్నాడు, సగం చోటు ఆమెకి వదిలేసి, వదిలేసినట్టు ఆమెకి తెలియనివ్వకుండా. తెలియకుండా ఎలా ఉంటుంది, ఎన్నేళ్లుగా ఎన్ని బస్సుల్లో పక్క సీటువాళ్లు జరగడం చూసింది, మూతి ముడుచుకుని జరిగేవాళ్లు, నిట్టూర్చి జరిగేవాళ్లు, జరిగాక కిటికీలోంచి బయటికి చూసేవాళ్లు. ఇతనొక్కడే ఏదో తనకే అంచున కూర్చోవడం ఇష్టమన్నట్టు, అక్కడైతే గాలి బాగా తగులుతుందన్నట్టు కూర్చుంటాడు. సీసా మూత తీసింది. తాగింది. పొద్దున ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చిన ప్రశ్న ఒక్కటే: కాగితాల్లో ఉన్న బరువు పాతది, ఇవాళ మళ్లీ తూచి డాక్టరు సంతకంతో పంపండి. ఆమె ఎత్తుకి వాళ్లు కట్టిన లెక్కలో వంద కిలోలు దాటితే చాలు, మారుమాట లేకుండా ఆపరేషన్ ఖర్చు వాళ్లదే. వందకి ఇటువైపు ఉంటే మటుకు ఒళ్లొక్కటే సరిపోదు, ఒంటితోపాటు పెద్ద జబ్బేదైనా ఉందని చూపించాలి. ఆమెకి షుగరుంది, కానీ మాత్రలకి లొంగే షుగరు. మోకాళ్లున్నాయి, కానీ మోకాళ్లు వాళ్ల లెక్కలోకి రావట. పొద్దున ఇంట్లో మిషన్ ఎక్కితే వంద చూపించింది, ఊపిరి వదిలితే దిగింది, భయపడి మళ్లీ పీల్చుకుంటే వంద.

బరువు తూచడమే ఆమె ఉద్యోగం కూడా. పార్సిల్ ఆఫీసులో కౌంటర్ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎవరెవరివో డబ్బాలు ఎత్తి కాటా మీద పెట్టడం, అంకె చెప్పడం, ఆ అంకె అబద్ధమని వాళ్లు దబాయిస్తే చిరునవ్వుతో మళ్లీ తూచడం. డబ్బా కింద చూపుడువేలు పెట్టి కాస్త పైకెత్తేవాళ్లని చూసింది. ఒక చెప్పు తీసేసి, ఒక చెప్పే పంపిస్తానన్న పెద్దమనిషిని చూసింది. అన్నిటికన్నా వాళ్లకి మింగుడుపడనిది ఇంకొకటుంది: డబ్బా పెద్దదై లోపల బొమ్మ దూదంత తేలికైతే, బరువుకి కాదు, అది వ్యానులో తినేసే చోటుకి రుసుము కట్టాలి. బరువే లేనిదానికి బరువు డబ్బులేమిటమ్మా అని అరుస్తారు. చోటుకండీ, అది పట్టే చోటుకి, అని ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో. చెప్పిన ప్రతిసారీ తన ఒంట్లో ఎక్కడో చిన్న సూది గుచ్చుకునేది, తనూ పుట్టినప్పట్నుంచి చోటుకే కడుతోంది కదా అని, బడిలో ఫొటో తీసేటప్పుడు చివరి వరసలో నిలబడి కట్టింది, దుకాణంలో బట్టల అమ్మాయి మీ సైజు లేదని పైనించి కిందికి చూసినప్పుడు కట్టింది, పెళ్లిచూపుల్లో పెద్దమ్మ, మా పిల్లకి మనసు మంచిదని అడక్కుండానే చెప్పినప్పుడు కట్టింది. అలాంటిది ఇవాళ తూకంలో మొగ్గు కోసం తనే దేబిరిస్తోంది. ఒక్క కిలో. కిలో కూడా కాదేమో.

ఆ కిలో ఎలా పోయిందో ఆమెకి తెలుసు, తల్చుకుంటే ఈ గండంలో కూడా చెంపలు వెచ్చబడుతున్నాయి. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఆమె ఆఫీసున్న భవంతిలో లిఫ్టులోకి ఆమె అడుగు పెట్టగానే గంట మోగింది ఓరోజు, లోపల ఉన్న అందరి కళ్లూ ఆమె మీదికే తిరిగాయి, వెనక్కి తిరగబోతుంటే మూలనించి ఒక గొంతు, "ఆగండి మేడమ్, తప్పు మీది కాదు, సెన్సారుది, పొద్దున్నుంచి దాని బుద్ధి బాలేదు" అంది, నూనె మరకల చొక్కా ఒకటి తను దిగిపోయి ఆమెని పంపించింది. నిజంగా సెన్సార్ పాడైందా అని పెళ్లయ్యాక అడిగింది. "అది వృత్తి రహస్యం" అన్నాడు. అతని కంపెనీ పాలసీలో పెళ్లైన రోజు నుంచి ఆమె పేరు కూడా ఎక్కింది. ఎక్కిన వారానికే అత్తగారిని వెంటబెట్టుకుని ఇద్దరూ ఇక్కడికొచ్చి ఆపరేషన్ సంగతి కదిపారు. అప్పుడు నూట నాలుగు. అప్పట్నుంచి కాగితాలు తిరుగుతూనే ఉన్నాయి, ఈలోగా వీళ్లిద్దరూ తిరిగారు. సాయంత్రం అతను పని నుంచి రాగానే నడక, మొదట వీధి చివరి దాకా, తర్వాత వంతెన దాకా, తర్వాత వంతెన దాటి దీపాల షాపు దాకా, అక్కడ అద్దంలో రకరకాల దీపాలన్నీ ఒకేసారి వెలుగుతుంటే మన ఇంటికేది అని ఎంచుకోవడం, ఎంచుకుని కొనకుండా రావడం. ఒకే పొట్లంలో జంటగా వచ్చిన టూత్‌బ్రష్షులు కొని ఎవరిది ఏ రంగో తేలక దారంతా వాదించుకోవడం. ఆకలి సంగతే గుర్తుండేది కాదు. పుట్టి బుద్ధెరిగాక ఏ డైటూ తగ్గించని ఒళ్లు సంతోషానికి తగ్గింది. తగ్గి సరిగ్గా వంద దగ్గర, దాటకూడని గీత దగ్గర, వచ్చి ఆగింది. డైటీషియన్ చప్పట్లు కొట్టింది. సర్జన్ మటుకు తల ఊపి, ఈ తగ్గింది నిలవదమ్మా, మీ వంశం వరసా మీ షుగరూ చూస్తుంటే రెండేళ్లలో రెట్టింపై కూర్చుంటుంది, ఆపరేషన్ ఆపకండి అన్నాడు. ఇన్సూరెన్స్ ఇవ్వకపోతే ఆపేద్దామని ఆమె ముందే అనుకుంది. ఎందుకంటే ఆ ఖర్చంత సొమ్ము ఇంట్లో ఒక్కచోటే ఉంది, సొంతంగా లిఫ్టుల మరమ్మతు షాపు పెట్టుకోవడానికి అతను చదువైనప్పట్నుంచి కూడబెట్టుకున్నది. షాపు పేరు కూడా పెట్టేసుకున్నాడు, బోర్డు మీద అక్షరాలు నీలమా ఎరుపా అన్నదే మిగిలింది. దాన్ని ముట్టుకోనివ్వను అంటే అతను "చూద్దాంలే" అంటాడు. ఆ చూద్దాంలే అంటేనే ఆమెకి భయం.

"అమ్మాయ్," అని అటుపక్క కుర్చీలోంచి అత్తగారు మోచేత్తో పొడిచింది. చేతిసంచిలోంచి తాళాల గుత్తి తీసింది, ఇంటి తాళాలు, బీరువా తాళాలు, ఎప్పుడో అమ్మేసిన స్కూటర్ తాళం, ఏ తాళానివో ఎవరికీ తెలియని తాళాలు, గుప్పెట్లో పట్టనంత. "నడుం దగ్గర దోపుకో. ఎవరు చూస్తారు?"

"గలగలమంటాయి అత్తయ్యా."

"నడిచేటప్పుడు ఊపిరి బిగబట్టు. నా తాళాలు నాకన్నా బుద్ధిమంతులు, నోరెత్తవు."

"అమ్మా, నీకు దణ్ణం పెడతాను," అన్నాడు అతను ఇటు నుంచి.

"నువ్వు ముందు ఆవలింతలు ఆపరా! చూసేవాళ్లకి సిగ్గుగా ఉంది. పెళ్లై నాలుగు నెలలవుతోంది, ఇంకా కొత్త పెళ్లికొడుకు వేషాలే."

అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, చెవుల చివర్లు ఎర్రబడ్డాయి. పనిలో కూడా ఇదే గోల, అతని మేస్త్రీ ఒకసారి ఇంటికొచ్చి ఆమె ఎదురుగానే, "చెల్లెమ్మా, కాస్త మావాణ్ని రాత్రిపూట నిద్రపోనివ్వు, నిచ్చెన మీద కునుకు తీస్తున్నాడు" అని పోయాడు, ఆమె వంటింట్లోకి పారిపోయి గోడకి ముఖం ఆనించుకుని నవ్వింది, నవ్వినందుకు సిగ్గుపడింది, ఆ సిగ్గుకి మళ్లీ నవ్వింది. అతనికి ఎక్కడ కూర్చున్నా కళ్లు మూతలు పడతాయి. మొద్దు నిద్ర మనిషి అనుకుంది. పక్క మీద మటుకు తనే ముందు నిద్రపోతుంది, అతను నిద్రపోవడం ఒక్కసారి కూడా చూడలేదు, తెల్లారి లేచేసరికే టీ పెట్టేసి ఉంటాడు.

తాళాల గుత్తి ఒళ్లో పెట్టుకుని చూసింది. బరువుగానే ఉంది. అర కిలో ఉంటుందా, చేతికి అలవాటే, అర కిలోకి తక్కువ కాదు. కాటా దగ్గర జనం చూపులు ఎలా ఉంటాయో ఆమెకి తెలుసు, ఎక్కువ చూపించడానికైనా తక్కువ చూపించడానికైనా ఒకటే చూపు, కాటాని కాకుండా కాటా దగ్గర కూర్చున్న మనిషిని చూసే చూపు. తనకెప్పుడూ ఆ మనుషుల మీద కోపం రాలేదు. మళ్లీ తూచేది, అంతే. గుత్తి అత్తగారి చేతిలో పెట్టేసింది. "వద్దు అత్తయ్యా. నీళ్లు తాగాను చాలు." ఆవిడ గుత్తి లోపల పడేసి సంచి జిప్పు లాగింది, లాగి, ఆమె చెయ్యి మీద ఒక్కసారి తట్టింది. ఆ తట్టడంలో కోపముందా మెచ్చుకోలుందా అని ఆలోచిస్తుంటే నాన్న గుర్తొచ్చాడు. ఎందుకో, నీళ్లు తాగి కడుపు ఉబ్బినందుకేమో, నాన్న పొట్ట మీద చెవి పెట్టి పడుకుంటే లోపల సముద్రం ఉండేది. నాన్న గురక వీధిలోకి వినిపించేది. పాలమనిషి, మీ ఇంట్లో మోటారు రాత్రంతా ఆపరా అని అడిగేవాడు. అమ్మ చెవుల్లో దూది పెట్టుకునేది, తలగడ మీద తలగడ వేసుకునేది, పక్క గదిలోకి మారేది, మళ్లీ వచ్చేది. ఒక రాత్రి ఆ మోటారు ఆగింది, మళ్లీ మొదలవలేదు. హమ్మయ్య, ఈపూటకి గురక పెట్టడం లేదు అనుకుని అమ్మ హాయిగా నిద్రపోయింది. పెళ్లయ్యాక అంత మంచి నిద్ర ఎన్నడూ పోలేదట. ఆ మాట అమ్మ ఒక్కసారే చెప్పింది, అంట్లు తోముతూ, ఇటు తిరక్కుండా, ఆ తర్వాత ఇంట్లో ఎవరూ నిద్ర గురించి మాట్లాడలేదు.

అందుకే ఆమెకి ఆపరేషన్ కావాలి. అందం కోసం కాదు, బట్టల సైజు కోసం కాదు, కాస్త అందుకు కూడా, కానీ అందుకు కాదు. నాన్న ఒళ్లే ఆమెకి వచ్చింది, మెడ దగ్గర అదే మడత, అవే గుండ్రటి మణికట్లు. గురక కూడా వచ్చిందేమోనన్న బెంగ ఒంటరిగా ఉన్నన్నాళ్లూ తీరే దారి లేదు, నిద్రలో తనని తను ఎవరు వింటారు. మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు డాక్టరు, "గురక పెడతారా? నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందా?" అని అడిగాడు. ఆమె అతని వైపు చూసింది. పక్కనే అత్తగారు. పెళ్లై అప్పటికి పది రోజులు కూడా కాలేదు. "అబ్బే, లేదండీ," అన్నాడు అతను వెంటనే, "అస్సలు చప్పుడే ఉండదు." డాక్టరు అదే కంప్యూటర్లో టకటకా కొట్టుకున్నాడు. ఆ మాటకి ఆమె ఒళ్లు ఎంత తేలికైపోయిందో ఏ కాటా చూపించలేదు. నాన్నది నాకు రాలేదు, ఒళ్లొచ్చింది కానీ అది రాలేదు. అప్పట్నుంచీ పొద్దున టీ గ్లాసు అందుకుంటూ, నిన్న గురక పెట్టానా అని అడగడం ఒక ముచ్చట అయిపోయింది. "పిల్లికూనలా పడుకున్నావోయ్" అంటాడు. రోజూ అడుగుతుంది, రోజూ అంటాడు, రోజూ అదే కొత్తగా ఉంటుంది.

పేరు పిలిచారు. చెప్పులు విప్పి, చెవులకున్నవి తియ్యాలా వద్దా అని ఒక్క క్షణం తడబడి, జన్మంతా అలవాటైన చెయ్యి చెవి దాకా వెళ్లి వెనక్కి వచ్చి, ఆమె ఎక్కింది. గదిలో నర్సు, డాక్టరు, గుమ్మంలో అతను, అతని భుజం మీంచి అత్తగారి నెత్తి. అంకెలు పరిగెత్తాయి, పైకి పోయాయి, వందని తాకినట్టే తాకి కిందికి దిగి నిలబడిపోయాయి. తొంభై ఎనిమిదీ ఏడు వందలు. ఇంటి మిషన్ అబద్ధం చెప్పింది. "ఇంకోసారి," అన్నాడు అతను గుమ్మంలోంచి, సరిగ్గా కౌంటర్ దగ్గర జనం అన్నట్టే. నర్సు చిరునవ్వుతో మళ్లీ తూచింది. అంకె మారలేదు.

ఇన్సూరెన్స్ కౌంటర్‌లో అమ్మాయికి ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి, వేళ్ల గోళ్లకి పదిరకాల రంగులు. అంకె చూసి పెదవి విరిచింది, జాలిగానే. "అయితే బరువు మీద రాదండీ. రెండో దారి ఉంది, ఏదైనా పెద్ద జబ్బు ఉండాలి. షుగర్ చాలదు, రిపోర్టు చూశాను. నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉంటే ఇస్తారు. కానీ మీ ఫైల్లో డాక్టరుగారు లేదని రాశారు కదా."

"మరి మా డబ్బులతో చేయించుకుంటే..." అని అతను మొదలుపెట్టాడు.

"మీరు ఊరుకోండి," అంది ఆమె. గొంతు తను అనుకున్నదానికన్నా గట్టిగా వచ్చింది. "షాపు డబ్బు ముట్టుకుంటే నేను టేబుల్ ఎక్కను. పోనివ్వండి. నడుద్దాం, రోజూ నడుస్తున్నాంగా, ఇంకా దూరం నడుద్దాం. నాకేమన్నా జబ్బా? పిల్లికూనలా పడుకుంటున్నాను, మీరే అన్నారు."

అతను కౌంటర్ బల్ల అంచు పట్టుకున్నాడు. బల్లని కాదు, ఇంకేదో పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"అది తప్పు," అన్నాడు, ఆమెతో కాదు, రంగు గోళ్ల అమ్మాయితో. "డాక్టర్‌గారితో నేను అబద్ధం చెప్పాను. ఆగుతుంది. ప్రతి రాత్రీ ఆగుతుంది మేడమ్. గురక పెట్టి పెట్టి ఒక్కసారిగా ఆగిపోతుంది, నేను లెక్కపెట్టుకుంటూ ఉంటాను, కాసేపటికి భుజం పట్టి కుదుపుతాను, అప్పుడు పెద్దగా పీల్చుకుని అటు తిరిగి పడుకుంటుంది. తనకి తెలీదు. నేను పడుకుంటే ఎవరు కుదుపుతారని పడుకోను."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం సార్?"

"కొత్త పెళ్లికూతురు. అమ్మ పక్కనే ఉంది. గురక పెడుతుందని ఎలా చెప్పను? తర్వాతేమో... వాళ్ల నాన్నగారి సంగతి నాకు తెలిసింది. రోజూ పొద్దున్నే అడుగుతుంది. అంత సంతోషంగా అడుగుతుంటే ఏం చెప్పమంటారు?"

ఆమె చెవులు మూసుకుపోయాయి, నీళ్లలో మునిగినట్టు. నిచ్చెన మీద కునుకు. నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి. మేస్త్రీ వేళాకోళానికి తను గోడకి ముఖం దాచుకుని నవ్విన నవ్వు. అమ్మ చెవిలో దూది, ఇతని చెవి తెరుచుకుని, నాలుగు నెలలుగా, లిఫ్టు తాళ్ల మధ్య వేలాడే మనిషి నిద్ర లేకుండా, ఎప్పుడైనా చెయ్యి జారితే, జారితే అని ఆ ఆలోచన చివరిదాకా పోలేకపోయింది. నాన్నది నాకూ వచ్చింది. వచ్చేసింది, నాలోనే ఉంది, రోజూ వచ్చి తలుపు తడుతోంది, ఇతను రోజూ లేచి వెళ్లగొడుతున్నాడు. ఏడుపు రాలేదు. భయం ముందొచ్చింది, చల్లగా, ఇందాకటి నీళ్లంత చల్లగా, దాని వెనకే సిగ్గో కోపమో తెలియనిది. అందరి ముందూ అతన్ని పట్టుకుని నాలుగు తగిలించాలనిపించింది, తగిలించి వదలకుండా పట్టుకోవాలనిపించింది. అత్తగారి వైపు చూడలేక చూసింది, ఆవిడ ఏమంటుందో, కొడుకు నిద్ర తినేసిందనా.

అత్తగారు ముక్కు తుడుచుకుంటోంది. "నాకు మాత్రం తెలీదనుకున్నార్రా? నా మంచం గోడకి అవతలే కదా. వీడు మంచం దిగిన చప్పుడైనప్పుడల్లా నేనూ లేచి కూర్చుంటాను. మళ్లీ మోత మొదలయ్యాక పడుకుంటాను." తర్వాత కౌంటర్ అమ్మాయి వైపు తిరిగింది. "నా మాట కూడా రాసుకో తల్లీ. ఇద్దరం సాక్ష్యం."

"మాటలు చెల్లవమ్మా," అంది ఆ అమ్మాయి, కానీ ఫోన్ ఎత్తింది, ఎవరితోనో మాట్లాడింది, డాక్టరు గదిలోకి వెళ్లి వచ్చింది. "నిద్ర పరీక్ష చెయ్యాలి. ఒంటికి వైర్లు పెట్టి పడుకోబెడతారు, ఎన్నిసార్లు ఆగింది, ఎంతసేపు ఆగింది అని మిషనే రాస్తుంది. గట్టిగా వస్తే కంపెనీ కాదనలేదు. మామూలుగా వారాల తర్వాత గానీ బెడ్ దొరకదు, ఇవాళ ఒకరు రావడం మానుకున్నారు. ఉంటారా?"

ఉంటామంది ఆమె. పరీక్ష ఖర్చు ఎవరిదని అడిగింది, ఆపరేషన్‌కి ఒప్పుకుంటే దాంట్లో కలుస్తుంది, ఒప్పుకోకపోతే మీదే అంది ఆ అమ్మాయి. దానికి ఆమె తన జీతం చాలుననుకుని తలూపింది. ఆ తర్వాత సాయంత్రం దాకా చేసే పనేమీ లేదు. కిటికీలో వెలుగు పసుపైంది, కాగితం రంగైంది. అత్తగారు బిస్కెట్లు కొని తెచ్చి ఇద్దరి చేతుల్లో సమానంగా పెట్టింది, చిన్నపిల్లలకి పెట్టినట్టు. తిన్నారు. ఆమె లోపల ఒక లెక్క మొదలైంది, ఆపుదామన్నా ఆగని లెక్క. ఎన్నిసార్లు ఆగితే గట్టిగా వచ్చినట్టు? ఎంతసేపు ఆగితే కంపెనీ ఒప్పుకుంటుంది? పరీక్ష కదా అని ఈ ఒళ్లు బుద్ధిగా ఊపిరి పీల్చుకుంటూ పడుకుంటే? దేనికైతే ఇన్నేళ్లు భయపడి చచ్చిందో దాని కోసమే ఇప్పుడు మొక్కుకోవాలి, రా, వచ్చి అందరూ చూసేలా నిలబడు, మిషన్‌కి కనబడు, ఇంకెవరికీ కాదు. నాన్నా, అనుకుంది. అంతకన్నా ముందుకి మాట సాగలేదు.

భుజం మీద ఏదో వాలింది. అతని తల. అంచున కూర్చునే మనిషి వెనక్కి జారి, మొదటిసారి కుర్చీ నిండా కూర్చుని, నోరు కొద్దిగా తెరుచుకుని, చేతిలో సగం బిస్కెట్‌తో నిద్రపోయాడు. చెప్పేశాక ఇక కాపలా పనేముందన్నట్టు, ఎవరో చేతిలోంచి బరువు అందుకున్నట్టు. ఇతను నిద్రలో ఇలా ఉంటాడా. కనుబొమల మధ్య ఆ ముడత పగలంతా ఉంటుంది, ఇప్పుడు లేదు. ఎంత చిన్నవాడు. ఆమె భుజం కదపలేదు, తిమ్మిరెక్కినా కదపలేదు, ఒళ్లున్నందుకు మొదటిసారి ఒక మనిషికి మెత్తగా పనికొస్తున్నానన్న పిచ్చి సంతోషం, ఈ భయం మధ్యలోనే, దాన్ని కాదనలేదు.

నీలం బట్టల్లో ఒకతను అట్ట పట్టుకుని వచ్చాడు. "నిద్ర పరీక్షకి మీరేనా మేడమ్? వైర్లు పెట్టడానికే గంట పడుతుంది, రండి. మీవారిని లేపండి, ఒక సంతకం కావాలి."

"సంతకం నేను పెడతాను," అంది ఆమె గొంతు బాగా తగ్గించి.

"ఆయన పెడితే మంచిది. రాత్రంతా మీకు తోడు కూడా ఉండొచ్చు, కుర్చీ వేయిస్తాను."

"రాత్రి నన్ను చూసేది మీరే కదా?"

"నేనూ, మిషనూ. రెప్ప వెయ్యం."

ఆమె లేస్తుంటే అత్తగారు ఆ కుర్చీలోకి జరిగి కొడుకు తలని మెల్లగా తన భుజం మీదికి తీసుకుంది. అతను ఏదో గొణిగాడు, లేవలేదు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని, చప్పుడు కాకుండా పక్కకి వచ్చి నిలబడింది.

"అయితే ఆయన్ని లేపకండి," అంది. "పడుకోనివ్వండి."